ఏడున్నర మీటర్ల సాక్ష్యం

"ఒంటిగంటన్నర అని ఎట్ల చెప్తున్నవ్? గడియారం చూసినవా?"

"బువ్వ తినే యాళ్ల సార్. గడియారం ఎందుకు?"

"బువ్వ ఒంటిగంటకు తింటరు. నువ్వు పోలీసులకు ఒంటిగంటన్నర అని చెప్పినవ్. పంచనామాలో ఒకటీ ముప్పై అనే రాసి ఉంది. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు."

లస్మయ్య బోర్లించిన కండెల పెట్టె మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో దాచుకున్నాడు.

గురువారం ఉదయం పది నలభై. సూరత్ శివార్లలో భేస్తాన్ దాటాక వచ్చే చిన్న పురపాలిక దేవ్‌పరాలో ఏడో నంబరు సాంచెల, అంటే మరమగ్గాల, షెడ్డు. సోమవారం నాడు సోమలింగం ఇక్కడే చనిపోయాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ముప్పై నాలుగేళ్లుగా సూరత్‌లో సాంచెలు నడిపినవాడు. మెడలోని తువ్వాల మోటారు బెల్టు పట్టాలో చిక్కుకుని ఊపిరాడక పోయాడని పోలీసులు రాశారు. చూసిన సాక్షి ఒక్కడే, పక్క సాంచెల మీద పనిచేసే లస్మయ్య. పోస్టుమార్టం అరగంటలో ముగిసింది. మరణించిన సమయం దగ్గర డాక్టరు పోలీసులు చెప్పిందే రాసుకున్నాడు. సాయంత్రం ఆరింటికల్లా దహనం కూడా అయిపోయింది.

డిటెక్టివ్ పరుశురాం ఈ కేసు తీసుకుని ఇరవై గంటలు కూడా కాలేదు. నిన్న మధ్యాహ్నం సోమలింగం కూతురు సింధూజ అతని గదికి వచ్చి, కూర్చోకుండానే, "మా బాపు సాంచెలో పడి చచ్చే మనిషి కాదు సార్" అంది. ఆ ఒక్క మాట మీదే అతను ఒప్పుకున్నాడు. అతని తండ్రి కూడా కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ సాంచెలు నడిపినవాడే. పరుశురాం తానూ మూడేళ్లు నడిపి, తర్వాత ఇరవై ఏళ్లు అగ్నిప్రమాదాల బీమా కేసులు తవ్వాడు. సాంచె మనిషిని ఎక్కడ పట్టుకుంటుందో, ఎక్కడ పట్టుకోదో అతనికి తెలుసు.

"సరే. సాంచె అప్పుడు నడుస్తున్నదా?" అన్నాడు.

"నడుస్తనే ఉండె సార్. పట్టా జారుతున్నదని వంగి చూసిండు. తువ్వాల గుంజింది. నేను ఉరికొచ్చి స్విచ్చి బంద్ చేసేసరికే అయిపోయింది."

"పొద్దున ఎన్నింటికి మొదలుపెట్టిండ్రు?"

"ఏడింటికి."

"మధ్యల ఆగిందా? కరెంటు పోవుడు, నూలు భీం మార్చుడు, ఏమన్న?"

"ఏం లేదు. ఒక్క నిమిషం ఆగలె."

"ఈ సాంచె గంటకు ఎంత నేస్తది లస్మయ్యా?"

ఈ ప్రశ్నలో ప్రమాదమేమీ కనిపించలేదు లస్మయ్యకు. తెలిసిన పని గురించి అడిగితే ఎవరికైనా మాట తేలిగ్గానే వస్తుంది. "మూడు మీటర్ల ముప్పావు. మంచిగ నడిస్తే నాలుగు."

పరుశురాం అది రాసుకున్నాడు.

తలుపు దగ్గర నిలబడిన సింధూజ లోపలికొచ్చింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "కాకా, బాపు ఆనాడు మీటింగ్‌కు పోవాలె గదా. పదకొండింటికి. ఆదివారం రాత్రే కాయిదాలన్నీ థైలీలో పెట్టుకున్నడు. మరి ఒంటిగంటన్నరకు ఇక్కడ ఎట్ల ఉన్నడు?"

"పోనన్నడు బిడ్డా. మనసు మార్చుకున్నడు."

"ఆ థైలీ ఏది?"

"నాకేం ఎరుక?"

ఆ మీటింగే ఈ కేసుకు మూలం. దేవ్‌పరా పురపాలిక స్థానిక ఆర్థికాభివృద్ధి, ఉపాధి ప్రణాళిక ఒకటి తయారుచేయించింది. ఈ సాంచెల కాంపౌండ్ తీసేసి, ఇక్కడ కొత్త పారిశ్రామిక పార్కు కడతారట. ఆరువేల నాలుగువందల ఉద్యోగాలు వస్తాయట. కానీ దానికో షరతు ఉంది. ఆ స్థలం మూతపడి ఉండాలి, అక్కడ బతికేవాళ్లెవరూ ఉండకూడదు. సోమలింగం కాంపౌండ్ అంతా తిరిగి మూడువందల పన్నెండు మంది కార్మికుల పేర్లు, సంతకాలు సేకరించాడు. సోమవారం పదకొండింటికి పురపాలిక హాల్లో జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో వాటిని ఇచ్చి, సాంచెలు ఇంకా నడుస్తున్నాయని చెప్పాలనుకున్నాడు. అది చెప్పి ఉంటే ప్రణాళిక మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చేది. అతను రాలేదు. అభ్యంతరాలేవీ రాలేదని రాసుకుని ఒంటిగంటకు సభ ముగించారు.

పరుశురాం లేచి సోమలింగం చనిపోయిన సాంచె దగ్గరికి వెళ్లాడు. సోమవారం పోలీసులు షెడ్డు మూసేశాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సగం నేసిన బట్ట అలాగే ఉంది. ముందుగా మోటారు పట్టా చూశాడు. నూనె, దుమ్ము తప్ప నూలు పోగు ఒక్కటీ లేదు. తువ్వాల చిక్కుకుని ఉంటే పట్టా అంచున పీచు మిగిలేది.

తర్వాత బట్ట చుట్టుకునే రోలర్ కొక్కెం ఎత్తి, చుట్టను నెమ్మదిగా విప్పాడు.

"ఏం వెతుకుతున్నరు సార్?" అంది సింధూజ.

"నిషాన్. షిఫ్టు మారినప్పుడు నేసేటోడు బట్ట మీద గుర్తు పెట్టుకుంటడు. అక్కడి నుంచి ఎంత నేస్తే అంత వాని పని."

దొరికింది. నీలం చాక్‌తో పద్దెనిమిది అని ఉంది. కింద సోమవారం తేదీ. సోమలింగం నంబరు పద్దెనిమిది. పరుశురాం జేబులోంచి టేపు తీసి, ఒక కొస సింధూజకు ఇచ్చి, నిషాన్ నుంచి చివరి పోగు దాకా కొలిచాడు.

ఏడున్నర మీటర్లు.

సోమలింగం చూసే రెండో సాంచె కొలిచాడు. ఏడు మీటర్ల అరవై. మూడోది ఏడు మీటర్ల నలభై. అక్కడితో ఆగకుండా నడవా దాటి, లస్మయ్య సాంచెల దగ్గరికి వెళ్లి ఒకటి విప్పాడు. లస్మయ్య పెట్టె మీది నుంచి లేచాడు. కానీ ముందుకు రాలేదు.

"ఏడున్నర. నీ సాంచె కూడ." పరుశురాం టేపు చుట్టుకుంటూ అన్నాడు. "ఏడింటికి మొదలై ఒంటిగంటన్నర దాకా ఒక్క నిమిషం ఆగకుండ నడిస్తే ఇరవై నాలుగు మీటర్లుండాలె. ఏడున్నర ఉందంటే రెండే గంటలు నడిచింది. ఈ షెడ్డు మొత్తం తొమ్మిదింటికి ఆగింది లస్మయ్యా. ఎందుకు ఆగింది?"

 అప్పుడే వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది.

"ఉస్తాద్, ఇంకా ఆ టేపే వాడుతున్నవా?"

పరుశురాం తిరిగి చూడకుండానే గుర్తుపట్టాడు. వినోద్. ఆరేళ్లు అతని దగ్గర పని నేర్చుకుని, ఇప్పుడు ప్రణాళిక తయారుచేసిన కన్సల్టెన్సీలో సర్వే విభాగానికి పెద్ద. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. టైము పదకొండు పది.

"షెడ్డు ఖాళీ చేయాలె. పన్నెండింటికి భంగార్ లారీ వస్తది. సాంచెలన్నీ పాత ఇనుముకు పోతున్నయి."

"కేసు నడుస్తుండగానా?"

"ఏ కేసు? ప్రమాదం అని పోలీసులు మూసేసిండ్రు. షెడ్డు మూతపడి రెండేండ్లయింది. ప్లాన్ చదువు, యాభై రెండో పేజీ. నిరుపయోగంగా ఉన్న స్థలం అని ఉంటది."

"పోలీసుల కాగితంలో సాంచె నడుస్తూ మనిషిని చంపింది. నీ కాగితంలో రెండేండ్ల నుంచి నడవడమే లేదు. రెండిట్ల ఏది అబద్ధం వినోద్?"

"రెండు కాగితాలు రెండు ఆఫీసుల్లో ఉన్నయి ఉస్తాద్. ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చదివేటోడు ఎవడూ లేడు."

"నేను చదివిన. బట్ట కూడ చదివిన. తొమ్మిదింటికి ఆగింది."

"కరెంటు పోయింది. అంతే."

"మంచిది. కరెంటు లేని సాంచె ఒంటిగంటన్నరకు తువ్వాలను ఎట్ల గుంజింది?"

"మళ్లీ వచ్చి ఉంటది."

"వస్తే బట్ట పెరగాలె గదా."

వినోద్ ఫోనులో ఏదో వెతికి, తెర పరుశురాం వైపు తిప్పాడు. "ఇది కూడ చదువు. కష్టపడి ఇంత దూరం వచ్చినవ్."

అదొక అంగీకార పత్రం. తాను పనిచేసిన షెడ్డు మూతపడిందని, ప్రణాళికకు తనకు అభ్యంతరం లేదని సోమలింగం పేరు మీద రాసి ఉంది. కింద వేలిముద్ర. పక్కన పురపాలిక ముద్ర, సోమవారం, ఉదయం పదకొండు ఇరవై.

సింధూజ ఫోను లాక్కున్నంత పని చేసింది. "ఇది బాపుది కాదు."

"వేలిముద్ర ఆయనదే. పరీక్ష చేయించుకో."

"బాపు సంతకం చేస్తడు. చిన్నప్పటి నుంచి నా స్కూల్ కాయిదాలన్నిట్ల సంతకమే. 'వేలిముద్ర ఎయ్యుమంటే నాకు ఇజ్జత్ పోయినట్లుంటది బిడ్డా' అంటుండె. కలం పట్టుకునే చెయ్యి ఉండంగ వేలు ఎందుకు ముంచుతడు?"

 పరుశురాంకు లెక్క తేలింది. కానీ ఆ పిల్ల ముందు చెప్పడానికి నోరు రాలేదు. చివరికి వినోద్‌నే చూస్తూ అన్నాడు. "తొమ్మిదింటికి మనిషి చనిపోయిండు. పదకొండు ఇరవైకి ఆయన వేలిముద్రతో కాగితం ఆఫీసుకు చేరింది. ఆ కాగితం చెల్లాలంటే అప్పటికి మనిషి బతికి ఉండాలె. అందుకే చావును ఒంటిగంటన్నరకు జరిపిండ్రు. నువ్వు శవం వేలు ముంచినవ్ వినోద్."

సింధూజ తెర మీది వేలిముద్ర వైపే చూసింది.

"నేను చంపలేదు," అన్నాడు వినోద్. గొంతు పెంచలేదు. "అది మాత్రం నిజం. ఆ బట్ట కావాలంటే కత్తిరించుకొని పో. కోర్టులో చూపించుకో. నేను ఆపను."

"ఎందుకు ఆపవ్?"

"ఆపాల్సిన పని నాకు లేదు." అతను వచ్చిన దారినే బయటికి వెళ్లిపోయాడు. కానీ కారు కదిలిన చప్పుడు రాలేదు.

పదకొండు ముప్పై అయిదు. పరుశురాం నిషాన్‌తో సహా బట్ట కత్తిరించి, మడిచి సింధూజ చేతికిచ్చాడు. తర్వాత వెళ్లి లస్మయ్య ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఇప్పుడతని గొంతులో నిలదీత లేదు.

"ఎవరు చేసిండ్రు?"

లస్మయ్య ఏడవలేదు. పాఠం అప్పజెబుతున్నట్టు చెప్పాడు.

"తొమ్మిదింటికి సోమలింగం సాంచెలు బంద్ చేసి బయలుదేరిండు. మేము కూడ అందరం బంద్ చేసినం. పద్నాలుగు మందిమి. పోవద్దన్నం. మా పిల్లలకు నౌకరీ కాయిదాలొచ్చినయి, నువ్వు పోయి చెడగొట్టకు అన్నం. ఇనలె. 'నౌకరీలు లేవురా, మిమ్మల్ని ఎల్లగొట్టనీకి ఇచ్చిండ్రు' అన్నడు. థైలీ గుంజుకున్నం. ఉరికిండు. నేను తువ్వాల పట్టుకున్న సార్. పడిపోతే లెవ్వనియ్యొద్దని గట్టిగ పట్టుకున్న. అందరు మీద పడ్డరు. ఇడిసేసరికి... ఇగ లేడు."

"థైలీ?"

"కాలవెట్టినం."

సింధూజ లస్మయ్య ముఖంలోకి చూసింది. అయిదేళ్ల వయసులో తనను భుజం మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి ఇతను.

"వినోద్‌కు ఎవరు ఫోన్ చేసిండ్రు?" అన్నాడు పరుశురాం.

"నేనే. ఏం చెయ్యాల్నో తెల్వక. ఆయన వచ్చి ఏలు ముద్ర తీస్కున్నడు. ఒంటిగంటన్నర అని చెప్పుమన్నడు."

"ఆ నౌకరీ కాగితం ఏది? చూపెట్టు."

లస్మయ్య బనీను లోపలి నుంచి ప్లాస్టిక్ సంచి తీశాడు. అందులో రెండు కాగితాలున్నాయి, ఒకటి కొడుకుది, ఒకటి అన్న కొడుకుది. చెమట తగలకుండా మూడు మడతల సంచిలో పెట్టుకున్నాడు. పరుశురాం రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. పేర్లు వేరు. పోస్టు నంబరు మాత్రం రెండింటిలో ఒక్కటే, వెయ్యి నూట నలభై ఏడు. జీతం గడి ఖాళీ. చేరే తేదీ గడి ఖాళీ. ఇచ్చేవాళ్ల సంతకం లేదు.

"లస్మయ్యా, ఇద్దరికీ ఒక్కటే నంబరు. ఇవి ఉద్యోగాలు కావు. అచ్చేసి పంచిండ్రు."

లస్మయ్య కాగితాలు వెనక్కి తీసుకుని, మళ్లీ అవే మడతల మీద జాగ్రత్తగా మడిచాడు.

"అచ్చుల తప్పు పడ్డట్టుంది సార్. ఆఫీసుల సరిజేస్తరు."

"పోలీసుల దగ్గరికి వచ్చి ఇదంతా చెప్తవా?"

"నేను లోపలికి పోతే పోత. నా కొడుకు నౌకరీ?"

పరుశురాం లేచి సింధూజ చెయ్యి పట్టుకున్నాడు. "పద. ఇక్కడ ఉండొద్దు."

వాళ్లు షట్టరు దాకా వెళ్లేసరికి బయట మనుషులున్నారు. ముప్పై మంది, ఇంకా ఎక్కువేనేమో. అందరూ ఈ కాంపౌండ్‌లో పనిచేసేవాళ్లే. ఎవరి చేతిలోనూ కర్ర లేదు. కానీ దారి ఇవ్వలేదు. వాళ్ల వెనక కారులో వినోద్ అద్దం ఎత్తుకుని కూర్చున్నాడు. ఆపాల్సిన పని లేదని అతను ఎందుకన్నాడో పరుశురాంకు అర్థమైంది.

"ఆ బట్ట ఇక్కడ పెట్టి పోండి సార్," అన్నాడు ముందున్న గోపాల్ అనే నడివయసు మనిషి. మర్యాదగానే అన్నాడు. "మీకేం కాదు."

"అన్నా, మీ కాగితాలు తీసి నంబర్లు చూసుకోండి. అందరికీ ఒక్కటే ఉంటది. మీకు నౌకరీలు లేవు."

ఒకరిద్దరు జేబుల మీద చేతులు పెట్టుకున్నారు. ఎవరూ కాగితం బయటికి తీయలేదు.

"చూసి ఏం చేస్తం సార్?" అన్నాడు గోపాల్. "సాంచెలు ఎట్లాగూ పోతున్నయి. గీ కాయిదం కూడ లేదంటే ఇంటికి పోయి ఏం చెప్పాలె? మీటింగ్ మళ్లీ పెడితే నౌకరీ లిస్టుల పేర్లన్నీ కొట్టేస్తమన్నరు. బట్ట ఇయ్యుండ్రి."

అతని వెనక మనుషులు కాస్త పక్కకు జరిగారు. మధ్యలోంచి ఒక ఆడమనిషి వచ్చింది. బొట్టు లేని ముఖం, బోసి చేతులు. మూడు రోజులుగా మార్చని చీర.

"అమ్మా?" అంది సింధూజ. "నువ్వెందుకు వచ్చినవ్ ఇక్కడికి?"

సోమలింగం భార్య భూదేవి కూతురి ముఖం చూడలేదు. బట్టనే చూసింది. "ఇచ్చెయ్ బిడ్డా. పోయినోడు పోయిండు. మనం బతకాలె."

"నీకు తెల్వదమ్మా. వీళ్లే బాపును..."

"ఎరుకే."



భూదేవి కొంగు ముడి విప్పింది. నాలుగు మడతల కాగితం. "నీ పేరు మీదనే ఉంది. కుర్సీల కూసొని చేసే పని. నీ బాపు లెక్క నూనెల పొర్లే పని కాదు."

సింధూజ కాగితం అందుకుంటే ఆమె భుజం మీది నుంచి పరుశురాం చదివాడు. అదే అచ్చు. అవే ఖాళీ గడులు. కానీ అతని చూపు ఆగింది పైన కుడి వైపున రాసిన తేదీ దగ్గర. శనివారం. సోమలింగం చనిపోవడానికి రెండు రోజుల ముందు.

సింధూజ కూడా అదే చూసింది. చూసి, చాలా మెల్లగా అడిగింది. "అమ్మా, బాపు పోయింది సోమారం. గిది నీ చేతికి శనివారమే ఎట్ల వచ్చింది?"

"ప్లాన్ ఆఫీసోళ్లు ఇంటికొచ్చి ఇచ్చిండ్రు. మీటింగ్‌కు పోకుంట చూసుకోమన్నరు." భూదేవి కొంగు మళ్లీ ముడేసుకుంది. "రెండు దినాలు మొత్తుకున్న. నీ బాపు ఇనలె. ఎవరి మాట ఇనడాయె. అప్పుడు లస్మయ్యన్న దగ్గరికి పోయిన. జర ఆపు అన్నా అని కాళ్లు పట్టుకున్న."

షెడ్డు లోపల లస్మయ్య తల దించుకుని నిలబడ్డాడు.

"ఆపుమన్న బిడ్డా," అంది భూదేవి. "గంతే. సంపుమన్ననా?"

ఎక్కడో లారీ రివర్స్ హారన్ మోగింది. గోపాల్ ముందుకొచ్చి సింధూజ చేతుల్లోంచి బట్ట తీసుకున్నాడు. ఆమె పట్టుకోలేదు, అడ్డం చెప్పలేదు. పరుశురాం ఒక అడుగు వేయబోతే నలుగురు అతని ముందుకు జరిగి నిలబడ్డారు. ఒకడు అతని జేబులోంచి ఫోను, టేపు తీసుకున్నాడు. ఇంకొకడు వెనక షట్టరు కిందికి లాగాడు.

కత్తిరించిన బట్ట గుంపులో చేతులు మారుతూ వెళ్లి కారు దాకా చేరింది. కారు అద్దం రెండు అంగుళాలు దిగింది. బట్ట లోపలికి వెళ్లాక మళ్లీ పైకి లేచింది.

సింధూజ తల్లి చేతికి కాగితం తిరిగి ఇచ్చేసి పరుశురాం వైపు తిరిగింది.

"చెప్పండి సార్. కేసు ఇప్పుడు ఎవరి మీద పెట్టాలె?"